విద్యుత్ మండలియందు న్యాయవాది: అర్హతలు, బాధ్యతలు
(వార్షిక మహాసభ రెండవనాటి యుపన్యాస పాఠము)



ఈ మహాసభయందు ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు విషయమేమని యడిగితిని. “మీకు తెలిసినదే, విద్యుత్ నియంత్రణ మండలిలో న్యాయవాదికి గల స్థానము” అని వారు సెలవిచ్చిరి. ఆ మాట వెనుక నొక తీర్మానము గలదని నాకు పిదప తెలిసినది. మన సంఘమునకు చెందిన యొక న్యాయవాదిని ఆ మండలికి సభ్యునిగా నియమింపవలసినదని ప్రభుత్వమువారిని ప్రార్థించుచు రేపటి సభలో తీర్మానము ప్రవేశపెట్టబడనున్నది. ఆ న్యాయవాది నా కార్యాలయమున నాలుగేండ్లు పని నేర్చినవాడు. అతని తెలివిని, కష్టించు గుణమును నేనెరుగుదును. అందుచేత నేను తీర్మానమును బలపరతునని మీరందరు తలంచియుందురు. నా మనస్సులోని మాటను దాచక చెప్పుటయే మీకు నేను చేయగల సేవ యని యెంచి, ముందుగా ఆ పదవి యెట్టిదో, దానికి కావలసిన యోగ్యత లెవ్వియో విన్నవించి, తీర్మానమును గూర్చిన నా యభిప్రాయమును చివర మనవి చేసెదను.

మన దేశమున విద్యుత్తునకు సంబంధించిన చట్టములు పాతవే. 1910లో నొక చట్టమును, 1948లో మరియొక చట్టమును వచ్చినవి. ఆ రెండవ చట్టము ననుసరించి రాష్ట్రములలో విద్యుత్ బోర్డు లేర్పడినవి. మన రాష్ట్రపు బోర్డు 1959లో నేర్పడెను. విద్యుత్తును పుట్టించుట, తీగలపై తెచ్చుట, ఇంటింటికి పంచుట, ధర విధించుట యన్నియు నాడు బోర్డు చేతిలోనే యుండెడివి. అమ్మువాడే ధర నిర్ణయించుచుండగా కొనువాడు మొర పెట్టుకొనుటకు వేరొక చోటు లేకుండెను. 1998నాటి సంస్కరణల చట్టముచే ఈ పద్ధతి మారినది. 1999లో బోర్డు ఉత్పత్తి సంస్థగను, ప్రసార సంస్థగను విడిపోయెను. ఆ యేడే నియంత్రణ మండలియు నేర్పడెను. 2000 సంవత్సరమున పంపిణీకి నాలుగు సంస్థలు పుట్టినవి. వానిలో విశాఖపట్టణము కేంద్రముగా గల తూర్పు సంస్థయే నేడు అమలాపురము, రాజోలు, కొత్తపేటలకు దీపమిచ్చుచున్నది. అదే సంవత్సరము ఛార్జీల పెంపుపై పెద్ద ఆందోళన చెలరేగి, ఆగస్టు 28వ తేదీన హైదరాబాదు బషీరుబాగులో జరిగిన కాల్పులలో ప్రాణములు పోయినవి. విద్యుత్ ధర యనునది కేవలము లెక్కల పుస్తకములోని విషయము కాదని అది మన కందరకు నేర్పిన పాఠము. తరువాత 2003లో దేశమంతటికి వర్తించు చట్టము వచ్చినది. నేటికిని మనకు ప్రమాణమదియే.

ఈ చట్టము ప్రకారము రాష్ట్ర మండలిలో అధ్యక్షుడు గాక ఇద్దరకు మించకుండ సభ్యులుందురు. అనగా, కోట్లమంది కట్టు ధరను నిర్ణయించువారు ముగ్గురు. పంపిణీ సంస్థ ఏ కర్మాగారమునుండి ఏ ధరకు విద్యుత్తు కొనవచ్చునో వీరే పరిశీలింతురు. ఉత్పత్తిదారునికిని పంపిణీ సంస్థకును వచ్చిన వ్యాజ్యమును వీరే తీర్చవచ్చును, లేక మధ్యవర్తికి పంపవచ్చును. వీరి యుత్తరువుపై అప్పీలు ఢిల్లీలోని విద్యుత్ అప్పీలు ట్రిబ్యునలునకు పోవును. అక్కడినుండి చట్టమునకు సంబంధించిన ముఖ్య ప్రశ్న యున్ననే సుప్రీంకోర్టునకు పోవును. ఇంత యధికారము గల పీఠము ఎవరికి తగును?

దీనిని గ్రహించుటకు విద్యుత్ వ్యాపారమును గూర్చి కొంచెము తెలిసికొనవలెను. మన అంబాజీపేట కొబ్బరి సంత నందరు నెరుగుదురు. ధర లేనినాడు రైతు కాయను రాశిపోసి యుంచును, కురిడీ చేయును, నెల యాగి యమ్మును. విద్యుత్తున కా సౌకర్యము మిక్కిలి తక్కువ. పుట్టిన క్షణముననే దానిని వాడవలెను. వాడుకయు నుత్పత్తియు సరిపోనియెడల తీగల వ్యవస్థయంతయు తబ్బిబ్బగును. అందువలన విద్యుత్ విపణిలో దినమును పదునైదు నిమిషముల చొప్పున 96 భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు వేరువేరుగా బేరము జరుపుదురు. ఇట్టి విపణి మన దేశమున 2008లో ప్రారంభమైనది. 2013 డిసెంబరు 31న షోలాపూరు రాయచూరు మార్గమున దక్షిణదేశపు తీగలు తక్కిన దేశపు తీగలతో గలిసినవి. నాటినుండి మన బేరము దేశమంతటితో ముడిపడినది. ఆ తీగల నెమ్మదిని గనిపెట్టుటకు బెంగుళూరున దక్షిణ ప్రాంతీయ విద్యుత్ సంఘము కలదు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి సంస్థలు అక్కడ కూడి యొడంబడి పనులు నడుపుకొందురు. విపణి నియమములను కేంద్ర మండలి చేయును. మన యింటి ధరను మాత్రము రాష్ట్ర మండలియే నిర్ణయించును.

విపణిలో కొనునది కొంతయే. ఎక్కువ భాగము దీర్ఘకాలపు టొప్పందముల వలన వచ్చును. ఈ యొప్పందములలో రెండు వ్యయములుండును. మన ప్రాంతపు మాటలో చెప్పవలెనన్న, ఒకటి మక్తా వంటిది, రెండవది విత్తనము, కూలి వంటిది. చేను పండినను బీడుపడినను మక్తా కట్టవలెను గదా. అట్లే కర్మాగారము సిద్ధముగా నున్నంతకాలము, విద్యుత్తు తీసికొన్నను లేకున్నను స్థిరవ్యయము చెల్లింపవలెను. తీసికొన్నప్పుడు ఇంధనపు ఖర్చు అదనము. ఒప్పందములోని యొక చిన్నమాట, “సిద్ధముగా నుండుట” యనగా నేమి యను మాట, కోట్ల రూపాయల భారమును ఇటునుండి అటు త్రిప్పగలదు. ఆ మాటను చదివి, దాని ఫలితమును ముందుగా చూడగలవాడే ఆ పీఠమునకు కావలసిన న్యాయవాది.

ఇప్పుడు చట్టము చెప్పిన యర్హతలను విన్నవించెదను. 2003నాటి చట్టములోని 84వ విభాగము, సామర్థ్యము, నిజాయితీ, ప్రతిష్ఠ గలవారును, యంత్రశాస్త్రము, ద్రవ్యము, వాణిజ్యము, అర్థశాస్త్రము, న్యాయము, నిర్వహణ యనువానికి సంబంధించిన సమస్యలలో తగిన జ్ఞానమును, చేసి చూపిన శక్తియు గలవారును సభ్యులు కావలెనని చెప్పుచున్నది. పట్టా చాలదు, చేసి చూపియుండవలెనని దీని భావము. హైకోర్టు న్యాయమూర్తిని గాని, విశ్రాంత న్యాయమూర్తిని గాని అధ్యక్షునిగా నియమింపవచ్చునని కూడ నందులో నున్నది. మన రాష్ట్రమున 2014 పిదప జస్టిస్ జి. భవానీప్రసాదుగారును, 2019 పిదప జస్టిస్ సి.వి. నాగార్జునరెడ్డిగారును అట్లు అధ్యక్షత వహించిరి.

అయితే ముగ్గురిలో న్యాయశాస్త్రవేత్త యొకడైన తప్పక యుండవలెనా? ఈ ప్రశ్న గుజరాతు, తమిళనాడు వ్యాజ్యములనుండి సుప్రీంకోర్టుకు చేరినది. 2018 ఏప్రిలు 12న జస్టిస్ జాస్తి చలమేశ్వరుగారును, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్‌గారును గల ధర్మాసనము తీర్పు చెప్పినది. చలమేశ్వరుగారు మన కృష్ణా మండలపు తెలుగువారే. అధ్యక్షుడు న్యాయమూర్తియే కానక్కరలేదు గాని, వ్యాజ్యములు తీర్చు మండలిలో న్యాయమెరిగిన సభ్యు డొకడు తప్పనిసరిగా నుండవలెనని వారు నిర్ణయించిరి. ఆ సభ్యుడు న్యాయాధికార పదవి నిర్వహించినవాడో, లేక హైకోర్టు న్యాయమూర్తిగా గాని జిల్లా న్యాయమూర్తిగా గాని నియమింపబడుటకు తగిన యర్హతయు, న్యాయవాద వృత్తిలో గట్టి యనుభవమును గలవాడో కావలెనని చెప్పిరి. రాజ్యాంగము ప్రకారము న్యాయవాదికి హైకోర్టు పదవికి పదేండ్ల వృత్తియు, జిల్లా న్యాయమూర్తి పదవికి ఏడేండ్ల వృత్తియు కనీసము. ఈ తీర్పు వలననే మన యువకుల వంటి న్యాయవాదులకు ఆ ద్వారము తెరవబడినది. ఇది సంతోషింపదగిన విషయమే.

కాని ద్వారము తెరచుట వేరు, లోనికి పోదగుట వేరు. ఈ సందర్భమున నా యనుభవ మొకటి చెప్పుట తప్పదు. కొన్నేండ్ల క్రిందట మన ప్రాంతపు కొబ్బరిపీచు మిల్లులవారు, మంచు కర్మాగారములవారు తమ ధరను గూర్చి వాదింపుమని నన్ను కోరిరి. నేను చట్టమును విభాగము విభాగముగా నుదాహరించి గంటసేపు వాదించితిని. అప్పుడొక చిన్న ప్రశ్న వచ్చినది: “మీ మిల్లులు తీసికొన్న లోడులో సగటున నెంత వాడుచున్నారు?” నేను మారు చెప్పలేకపోతిని. వెనుక వరుసలో కూర్చున్న రాజోలు వైపు రైతు ఒకడు లేచి, తన రొయ్యల చెరువు మోటార్ల లెక్కలు వ్రాసుకొన్న కాగితము చూచి, ఏ గంటలో నెంత వాడుకయో చెప్పి కూర్చుండెను. ఆనాడు మండలి విన్నది అతని మాట. నేను తీసికొన్న ఫీజును మిల్లులవారికి తిరిగి యిచ్చి, ఇంటికి వచ్చి ఇంజనీరొకని నాశ్రయించి ఆరునెలలు లెక్కలు నేర్చుకొంటిని. చట్టమొక్కటియే తెలిసిన న్యాయవాది విద్యుత్ మండలిలో సగము గ్రుడ్డివాడని నాకు నాడే తెలిసినది.

ఆ కతన మొదటి యర్హత చట్టజ్ఞానము. రెండవది యంత్రములను, లెక్కలను వినయముతో నేర్చు గుణము. మూడవది, విధానమునందు పట్టుదల. ధర మార్చుటకు ముందు ప్రజలకు తెలియజెప్పి, వారి యాక్షేపణలు వినవలెనని చట్టము. 2021లో మన రాష్ట్రమున వెనుకటి సంవత్సరముల సర్దుబాటు ఛార్జీలకు ఆగస్టులో అనుమతి లభించినది. అవి బిల్లులలో చేరిన పిదప బహిరంగ ప్రకటన సరిగా జరుగలేదను నాక్షేపణ హైకోర్టు వరకు పోగా, మండలియే తన యుత్తరువును ఉపసంహరించుకొని తిరిగి విచారణకు పూనుకొనవలసి వచ్చెను. పత్రికలో వేయవలసిన ప్రకటన యొకటి లోపించినందున లక్షల బిల్లులు తారుమారైనవి. న్యాయమెరిగిన సభ్యుని మొదటి పని యిట్టి లోపమును ముందుగా పట్టుటయే.

నాలుగవది, ఒప్పందమును గౌరవించు ధైర్యము. 2019 జూలైలో రాష్ట్రప్రభుత్వము పవన, సౌర విద్యుత్తుల ఒప్పందపు ధరలు హెచ్చుగా నున్నవని, వానిని తగ్గించుటకై సంప్రదింపుల సంఘమును నియమించినది. ఉత్పత్తిదారులు హైకోర్టు కెక్కిరి. 2022 మార్చి 15న ధర్మాసనము, ఒప్పందములోని ధర ప్రకారమే బాకీలను ఆరువారములలో చెల్లింపవలెనని తీర్పిచ్చినది. ధర హెచ్చా, తగ్గా యను వాదము నటుంచుడు. ఒప్పందము కుదిరిన పిదప దానిని త్రెంచుట ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వుట వంటిది. ఆ ధరను మొట్టమొదట మండలి పరిశీలించునప్పుడే న్యాయసభ్యుడు కన్నులు తెరచి చూడవలెను.

ఐదవది, నిష్పక్షపాతము, అదియు లోకమునకు కనబడు నిష్పక్షపాతము. తెలంగాణలో విద్యుత్ కొనుగోళ్లపై విచారించు కమీషను అధ్యక్షులు, విచారణ ముగియకముందే పత్రికలవారితో మాటలాడిరని యాక్షేపణ వచ్చెను. 2024 జూలైలో సుప్రీంకోర్టు, న్యాయము జరుగుటయే గాక జరిగినట్లు కనబడవలెనని చెప్పగా, ఆ పనికి వేరొక విశ్రాంత న్యాయమూర్తి నియమింపబడిరి. న్యాయశాస్త్రమున ఆరితేరిన వృద్ధులకే ఇంత కట్టుబాటు గలదన్న, యువకుని మాట చెప్పనేల?

ఇక త్యాగమును గూర్చి. సభ్యుని పదవి ఐదేండ్లు. అదే హోదాలో రెండవమారు లేదు. అరువదియైదేండ్లు నిండిన కొనసాగరాదు. పదవి విడిచిన పిదప రెండేండ్లు వాణిజ్యసంస్థల కొలువు చేయరాదు. అంతకంటె కఠినమైన నియమ మొకటి కలదు: ఒకసారి సభ్యుడైనవాడు మరల ఏ విద్యుత్ మండలి యెదుటను ఎవరి పక్షమునను వాదింపరాదు. విద్యుత్ చట్టమునే జీవనముగా జేసికొన్న న్యాయవాది కిది తన పొలమును తానే దారాదత్తము చేయుట వంటిది. మన యువకుడీ మాట నెరిగియే సిద్ధపడుచున్నాడా యని నేనతని నడిగితిని. ఎరుగుదునని చెప్పెను. ఆ మాట విని నేను గర్వించితిని.

మహాజనులారా! ఇప్పుడు తీర్మానమును గూర్చి చెప్పవలసినది చెప్పెదను. సభ్యులను ఏరుటకు చట్టము ముగ్గురితో నొక సంఘమును నియమించినది. హైకోర్టు న్యాయమూర్తిగా నుండినవారు దానికి అధ్యక్షులు. రాష్ట్ర ముఖ్యకార్యదర్శి యొక సభ్యుడు. కేంద్ర విద్యుత్ అథారిటీ అధ్యక్షుడు గాని కేంద్ర మండలి అధ్యక్షుడు గాని మూడవవాడు. ఒక్కొక్క ఖాళీకి ఇద్దరి పేర్లను వారు ప్రభుత్వమునకు పంపుదురు. పంపుటకు ముందు, ఆ వ్యక్తికి తన కర్తవ్యమునకు భంగము గలిగించు ద్రవ్యసంబంధమైన గాని ఇతరమైన గాని ప్రయోజన మేదియు లేదని వారు తృప్తి పొందవలెను. “ఇతరమైన” అను మాటను గమనింపుడు. కులసంఘము తీర్మానముచే బలపరచిన యభ్యర్థి యా మాట యెదుట ఎట్లు నిలువగలడు?

మనలో రొయ్యల చెరువులవారు గలరు, మిల్లుల యజమానులు గలరు, విద్యుత్ కాంట్రాక్టర్లు గలరు. రేపు వారి యర్జీ అతని యెదుటికి వచ్చును. అతడు మన పక్షమున తీర్పు చెప్పిన, లోకము నమ్మదు. మనకు వ్యతిరేకముగ చెప్పిన, “మనము నిలబెట్టినవాడే మనల ముంచెను” అని ఇదే పందిరి క్రింద ననుకొందుము. కంచెయే చేను మేసిన కాపుదలకు దిక్కెవ్వరు? కంచెను నాటునప్పుడే చేనివైపు వంచి నాటుట మనకు తగునా?

ఐతే కోనసీమకు ఆ మండలి యెదుట చెప్పుకొనదగిన మొర లేదా యన్న, తప్పక కలదు. మన నేల కడుపులోని వాయువు దూరపు కర్మాగారములకు పోయినది. 1995 జనవరిలో పాసర్లపూడి బావి పేలి రెండు నెలలకు పైగా మండెను. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరములో గొట్టము పేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ వాయువుతో నడువవలసిన గోదావరి తీరపు విద్యుత్ కేంద్రములు కొన్ని వాయువు చాలక నిలిచిపోవుటయు జూచితిమి. ఇంత యిచ్చిన సీమకు తన మాట వినిపించుకొను హక్కు గలదు. కాని ఆ హక్కు పీఠముపై మనవాని గూర్చుండబెట్టుటవలన రాదు. పీఠము ఎదుట మనము నిలిచి వాదించుటవలన వచ్చును.

అందుకు మార్గములున్నవి. పంపిణీ సంస్థలు ధరల ప్రతిపాదనలు ప్రకటించినప్పుడెల్ల ఎవరైనను ఆక్షేపణ వ్రాయవచ్చును. బహిరంగ విచారణలో మాటలాడవచ్చును. వినియోగదారుల పక్షమున వాదించుటకు ఒకరి నధికరించు శక్తి మండలికి చట్టమే యిచ్చినది. మండలికి సలహా చెప్పుటకు ఇరువది యొక్కరికి మించని సలహాసంఘము గలదు. అందులో వ్యవసాయము, పరిశ్రమ, కార్మికులు, వినియోగదారులు మున్నగువారికి స్థానము గలదు. మీటరు, బిల్లు తగవులకు సంస్థలోనే ఫిర్యాదుల వేదికయు, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను గలరు. మనలో నెందరు ఈ తలుపులు తట్టిరి? పదవి కావలెనని తీర్మానములు చేయుదుము గాని, ఒక్క యేడైనను ఒక్క యాక్షేపణయైనను మన సంఘము పక్షమున వ్రాసి పంపితిమా?

కావున నేను చేయు సవరణ యిది. తీర్మానమునుండి ఆ యువకుని పేరును, మన కులము పేరును తీసివేయుడు. దానికి బదులు, సంఘనిధినుండి ఏటేట ఇద్దరు న్యాయవిద్యార్థులకు విద్యుత్ చట్టము, లెక్కలు నేర్చుటకు వేతనమిత్తుమనియు, వారు కోనసీమలోని యే కులపువారైనను పేదవారైన చాలుననియు వ్రాయుడు. ఏటేట ధరల ప్రతిపాదనలను తెలుగులో సంగ్రహించి గ్రామములకు పంపుదుమనియు, సంఘము పక్షమున ఆక్షేపణ దాఖలు చేయుదుమనియు చేర్చుడు. నా వంతుగా, నా యొద్దనున్న విద్యుత్ చట్ట గ్రంథములను, తీర్పుల ప్రతులను మన విద్యార్థి వసతిగృహమునకు ఈనాడే యర్పించుచున్నాను.

మన యువకుడు అర్జీ పెట్టుకొనును. తన యోగ్యతతో నిలుచును, లేదా నిలువడు. నిలిచిన, మనలో నెవ్వరును అతని యింటి కర్జీతో పోరాదు. నాడు మన మిల్లు బిల్లు హెచ్చినను, తీర్పు న్యాయమైన చాలునని మనమనుకొనగలిగితిమా, ఆనాడే అతడు మనవాడని చెప్పుకొనుటకు మనకు యోగ్యత గలుగును.

నా మాటలలో కాఠిన్యము గలిగిన మన్నింపుడు.